ఎఫ్‌పీఎస్ మీటర్ 70 చూపిస్తోంది... మరి గేమ్ ఎందుకు తడబడుతోంది?

సంక్రాంతికి ఇంటికి వెళ్తే, అరిసెల పళ్లెం కంటే ముందు నా చేతికొచ్చేది ఎవరిదో ఒకరి లాప్‌టాప్. మా అంబాజీపేటలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే ప్రింటర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ బాగుచేసేవాడని అర్థం. ఈసారి వచ్చింది మా పిన్ని కొడుకు లాప్‌టాప్. వాడు బీటెక్ సెకండియర్. "అన్నయ్యా, దీని పని అయిపోయింది. సైబర్‌పంక్ ఆడుతుంటే ల్యాగే ల్యాగు. కొత్తది కొనమని నాన్నకి నువ్వే చెప్పాలి" అన్నాడు.

బాబాయ్‌ది కొబ్బరికాయల వ్యాపారం. కాయ ధర ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో ఆయనకే తెలీదు. అరుగు మీద కూర్చుని నన్ను విడిగా అడిగాడు. "ఎనభై వేలంటున్నాడ్రా. నిజంగా పాడైపోయిందా, లేకపోతే కొత్తదాని మీద మోజా? నువ్వెలా చెబితే అలా చేద్దాం."

ఇరుకున పడ్డాను. ఎందుకంటే రెండేళ్ల క్రితం ఆ లాప్‌టాప్ కొనమని చెప్పింది కూడా నేనే. ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ఆర్‌టీఎక్స్ 3050, 8 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ స్క్రీన్. ఆ బడ్జెట్‌లో అప్పటికి మంచిదే.

గేమ్ ఓపెన్ చేసి చూశాను. మూలన మీటర్ 70 చుట్టూ తిరుగుతోంది. అంకె చూస్తే కంప్లయింట్ చేయడానికేం లేదు. కానీ కారెక్కి ఒక మలుపు తిప్పగానే బొమ్మ మధ్యలో అడ్డంగా చీలిపోతోంది, రోడ్డు పక్క బోర్డులన్నీ అలికేసినట్టున్నాయి, నాలుగు సెకన్లకోసారి ఎవరో భుజం పట్టి కుదిపినట్టు ఒక జెర్క్. వాడు చెప్పింది అబద్ధం కాదు. మీటర్ చెప్పిందీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయన్నదే నా గోలంతా.

ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూశాను. రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్! ఎప్పుడో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని మార్చాడట, మళ్లీ పెట్టడం మర్చిపోయాడు. 144 హెర్ట్జ్ స్క్రీన్ కోసం నేను పట్టుబట్టి నాలుగు వేలు ఎక్కువ పెట్టించాను. వాడేమో నెలల తరబడి దాన్ని 60లోనే వాడుతున్నాడు. నవ్వకండి, ఇది చదవడం ఆపి ఒకసారి మీ సిస్టమ్ చెక్ చేసుకోండి. ఆఫీసులో నా పక్క డెస్క్ అతను ఏడాదిన్నర ఇలాగే వాడాడు. ఫోన్లలో కూడా అంతే, 120 హెర్ట్జ్ అని కొంటాం, సెట్టింగ్స్‌లో అది 60కి పడిపోయి ఉంటుంది.

సరే, 144 పెట్టాం. చీలిక కొంచెం తగ్గింది, డెస్క్‌టాప్ మీద మౌస్ వెన్నలా జారింది. గేమ్‌లో కుదుపు మాత్రం అలాగే ఉంది. అసలు పని అక్కడే మొదలైంది.

ఎఫ్‌పీఎస్ అంటే సగటు. ఒక సెకనులో ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెబుతుంది, ఎప్పుడెప్పుడు వచ్చాయో చెప్పదు. ఒక ఉదాహరణ చూడండి. మొదటి 59 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో వచ్చేశాయి, అంటే 590 అయింది. అరవయ్యో ఫ్రేము మిగతా 410 మిల్లీసెకన్లు తీసుకుంది. మీటర్ ఏం చూపిస్తుంది? 60 ఎఫ్‌పీఎస్. మీ కంటికేం కనిపిస్తుంది? దాదాపు అర సెకను గడ్డకట్టిన బొమ్మ. ఇంకో సిస్టమ్‌లో ఒక్కో ఫ్రేమూ కచ్చితంగా 16.7 మిల్లీసెకన్లకి వస్తుంది. దాని మీటర్ కూడా 60యే. రివ్యూ టేబుల్లో రెండూ పక్కపక్కన ఒకే అంకెతో కూర్చుంటాయి.

బాబాయ్‌కి ఇది చెప్పడానికి గ్రాఫులు అక్కర్లేకపోయింది. మా మండలంలోనే మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కనుమ నాడు ప్రభల తీర్థం జరుగుతుంది. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం కూడా అదే, మీరు చూసే ఉంటారు. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని వరి చేలకి అడ్డంపడి, కౌశికలో దిగి దాటిస్తారు. వయసులో ఉన్నప్పుడు బాబాయ్ కూడా భుజం పట్టినవాడే. "మోసేవాళ్లు గబగబా రెండడుగులేసి ఒక్క క్షణం ఆగారనుకో బాబాయ్, మొత్తం మీద తీర్థానికి అదే టైముకి చేరతారు కదా?" అన్నాను. "చేరతారు గానీ పైన ప్రభ ఊగిపోదూ? అందరి అడుగూ ఒక్కలా పడాలి. నిదానమైనా పర్లేదు" అన్నాడు. ఫ్రేమ్ పేసింగ్ అంటే అదే. ఆయనకి అర నిమిషంలో అర్థమైంది. మా రివ్యూయర్లకి మాత్రం ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు. ఆ లెక్కలో నన్నూ కలిపే అంటున్నాను. పాత రివ్యూల్లో "హై సెట్టింగ్స్‌లో 68 ఎఫ్‌పీఎస్ వచ్చింది, సూపర్ స్మూత్" అని నేనే రాశాను. 1 పర్సెంట్ లో వేయకుండా, అంటే అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఏ వేగంలో ఉన్నాయో చెప్పకుండా, స్మూత్ అనే మాట వాడకూడదు. నిజానికి ఒక ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ పెట్టేస్తే వేరే ఏ అంకె లేకపోయినా సరిపోతుంది. గీత చదునుగా ఉంటే ఆట స్మూత్, ముళ్లలా లేస్తుంటే కాదు.

తమ్ముడి లాప్‌టాప్‌లో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతో పాటు వచ్చే రివాట్యూనర్ వేసి ఆ గ్రాఫ్ ఆన్ చేశాను. ఇవి ఫ్రీ, ఏ బ్రాండు కార్డుకైనా పనిచేస్తాయి. ముళ్లే ముళ్లు. ప్రతి జెర్క్ దగ్గరా గీత నిట్టనిలువుగా లేస్తోంది. వీడియో మెమరీ చూస్తే 4 జీబీ అంచుల దాకా నిండిపోయి ఉంది. టెక్స్చర్స్ హై మీద పెట్టాడు. వీడియో మెమరీ నిండిపోతే మిగిలిన సరుకు మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి తెచ్చుకోవాలంటే టైం పడుతుంది. కారులో కొత్త వీధిలోకి వెళ్లినప్పుడల్లా జెర్క్ వచ్చింది అందుకే. టెక్స్చర్స్ మీడియంకి దించాం. సగటు ఎఫ్‌పీఎస్ అంతగా మారలేదు, ముళ్లు మాత్రం సగానికి సగం పోయాయి. సగటు మాత్రమే చూసేవాడైతే "టెక్స్చర్స్ తగ్గిస్తే ఏం లాభం లేదు" అని మళ్లీ హై పెట్టేసేవాడు.

మిగతావాటిలో బరువైనవి నాలుగైదే. స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ (ఈ గేమ్‌లో దాని టాప్ ఆప్షన్ పేరే సైకో, పేరుకి తగ్గట్టే ఉంటుంది), వాల్యూమెట్రిక్ ఫాగ్, షాడోలు, యాంబియంట్ అక్లూజన్. వీటిని లో, మీడియం మధ్య పెడితే ఆటలో ఉన్నవాడికి తేడా కనిపించదు, ఆగి స్క్రీన్‌షాట్ తీసేవాడికే కనిపిస్తుంది. క్రౌడ్ డెన్సిటీ అని గేమ్‌ప్లే మెనూలో వేరే దాక్కుని ఉంటుంది, అది ప్రాసెసర్ మీద భారం. జనాన్ని కొంచెం పల్చన చేస్తే మార్కెట్ సెంటర్లో పడే డ్రాప్స్ తగ్గాయి. రే ట్రేసింగ్ గురించి ఈ కార్డు మీద మాట్లాడుకోవడం అనవసరం.

తర్వాత అందరూ తప్పు చేసే చోటుకి వద్దాం, నేనూ చేశాను. ఎఫ్‌పీఎస్ 60, 80 మధ్య ఊగుతోంది కదా, 60 దగ్గర లాక్ చేసేస్తే సరి అనుకున్నాను. లాక్ చేసి, వీ-సింక్ ఆన్ చేశాను. గ్రాఫ్ గీత చదునుగా వచ్చింది, కంటికి మాత్రం ఇంకా సన్నగా వణుకుతోంది. పది నిమిషాలు బుర్ర గోక్కుని కాగితం మీద లెక్కేస్తే దొరికింది. 144ని 60తో భాగిస్తే 2.4 వస్తుంది. స్క్రీన్ ఒక ఫ్రేముని రెండు పాయింట్ నాలుగు సార్లు చూపించలేదు కదా! కొన్ని ఫ్రేములు రెండు రిఫ్రెష్‌లు ఉంటాయి, అంటే 13.9 మిల్లీసెకన్లు. కొన్ని మూడు రిఫ్రెష్‌లు, అంటే 20.8. గేమ్ సమంగానే పంపిస్తోంది, స్క్రీన్ కుంటుతోంది. జీ-సింక్, ఫ్రీసింక్ ఉన్న స్క్రీన్ అయితే ఈ సమస్యే లేదు, స్క్రీనే ఫ్రేము వచ్చేదాకా ఆగుతుంది. ఈ లాప్‌టాప్ ప్యానెల్‌కి ఆ సౌకర్యం లేదు. కొనేటప్పుడు నేను చూడని రెండో సంగతి ఇది.

అలాంటి స్క్రీన్ మీద లాక్ అంకె రిఫ్రెష్ రేటుని సమానంగా భాగించాలి. 144కి అయితే 72 లేదా 48. లేదంటే స్క్రీన్‌నే 60కి దించి 60 లాక్ పెట్టుకోవాలి. మొదట 72 పెట్టాం. చాలా చోట్ల బావుంది కానీ జనం ఎక్కువున్న వీధుల్లో నిలబడలేదు. 48 పెట్టాం. తమ్ముడి మొహం వాడిపోయింది. "48 ఏంటన్నయ్యా, 70 వచ్చేదాన్ని 48 చేస్తావా?" అన్నాడు. మీటర్ ఆపేసి, ఇప్పుడు ఆడరా అన్నాను. పావుగంట ఆడాడు, ఏమీ మాట్లాడలేదు. అదే నాకు సర్టిఫికెట్.

48 అంటే వెక్కిరించేవాళ్లకి ఒక మాట. 2021లో పీఎస్5లో రాచెట్ అండ్ క్లాంక్‌కి 40 ఎఫ్‌పీఎస్ మోడ్ ఇచ్చారు, 120 హెర్ట్జ్ టీవీ మీద ఒక్కో ఫ్రేమూ సరిగ్గా మూడు రిఫ్రెష్‌లు ఉండేట్టు. స్టీమ్ డెక్ వాడేవాళ్లు కూడా 40 హెర్ట్జ్ మీద హాయిగా ఆడుకుంటున్నారు. 30కి 33.3 మిల్లీసెకన్లు, 60కి 16.7. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో పడేది 25, అంటే 40 ఎఫ్‌పీఎస్. అంకెల్లో 30కి దగ్గరున్నట్టు కనిపిస్తుంది గానీ టైములో సగం దూరం వచ్చేసినట్టే.

ఇదంతా ఒంటరిగా ఆడే గేములకి. వాలరెంట్ లాంటివి ఆడేటప్పుడు నా సలహా తిరగేసుకోండి. అక్కడ వీ-సింక్ ఆఫ్, రిఫ్లెక్స్ ఆన్, అన్నీ లో. చీలిక కనిపించినా పర్లేదు, క్లిక్ ఆలస్యం కాకూడదు. ఫోన్‌లో బీజీఎంఐ ఆడేవాళ్లకి మాత్రం ప్రభ లెక్కే వర్తిస్తుంది. మన కోనసీమ ఎండల్లో 90 ఎఫ్‌పీఎస్ పెట్టుకుని, ఫోన్ కాలిపోయి 50కీ 90కీ మధ్య గెంతుతుంటే ఆడటం కంటే, ఎక్స్‌ట్రీమ్‌లో 60 దగ్గర కదలకుండా ఉండటం ఎంతో మేలు. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే లాప్‌టాప్ సంగతి కూడా అంతే. చార్జర్ ఊడగానే గ్రాఫిక్స్ కార్డు సగం శక్తికి పడిపోతుంది, ఎన్‌విడియాలో బ్యాటరీ బూస్ట్ ఉంటే అది 30కి లాక్ చేసేస్తుంది. అప్పుడు సెట్టింగ్స్ కెలకకండి, కరెంటు వచ్చేదాకా ఆగండి.

ఇక అలుకు సంగతి. స్మూత్‌గా ఉండటం ఒకటి, కదిలేటప్పుడు క్లియర్‌గా ఉండటం ఇంకొకటి. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడతాం.

మా తరంలో చాలామందికి మొదటి గ్రాఫిక్స్ ట్వీక్ నెట్ సెంటర్‌లోనే తెలిసింది. గంటకి పదిహేను రూపాయలు కట్టి, లావుపాటి సీఆర్‌టీ మానిటర్ ముందు కూర్చుని వైస్ సిటీ ఓపెన్ చేయగానే డిస్‌ప్లే మెనూలో ట్రెయిల్స్ ఆఫ్, ఫ్రేమ్ లిమిటర్ ఆఫ్. ఎందుకో తెలీదు, ముందు కూర్చున్న అన్నయ్య చేసేవాడు కాబట్టి మేమూ చేసేవాళ్లం. ట్రెయిల్స్ అంటే కదిలే ప్రతిదాని వెనకా ఒక నీడ ఈడ్చడం. లిమిటర్ అంటే 30 ఎఫ్‌పీఎస్ తాళం. ఆ తాళం తీస్తే గేమ్ లోపల కొన్ని లెక్కలు తప్పేవి, కార్లు వింతగా ప్రవర్తించేవి. అయినా తీసేవాళ్లం. ఆ పాత మానిటర్ మీద పరిగెత్తే కారు నంబర్ ప్లేటు ఇప్పటి ఎల్‌సీడీల కంటే క్లియర్‌గా కనిపించేది, ఇది నోస్టాల్జియా కాదు. సీఆర్‌టీ ఒక్కో ఫ్రేముని తళుక్కున చూపించి ఆర్పేసేది. ఎల్‌సీడీ తర్వాతి ఫ్రేము వచ్చేదాకా అదే బొమ్మని పట్టుకుని నిలబడుతుంది, మన కన్ను మాత్రం కదులుతూనే ఉంటుంది. సెకనుకి 960 పిక్సెళ్లు కదిలే వస్తువు 60 ఎఫ్‌పీఎస్‌లో దాదాపు 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. 120లో అది 8కి తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ ఎఫ్‌పీఎస్‌కి అసలు విలువ ఇక్కడుంది. 48 లాక్‌తో కుదుపు పోతుంది, ఈ అలుకు పోదు. ఆ నష్టాన్ని దాచి నేను మీకు 48 అమ్మదల్చుకోలేదు.

ఇలా స్క్రీన్ తనంతట తాను అలికేది చాలదన్నట్టు గేములు పైనుంచి ఇంకో పూత పూస్తాయి. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబరేషన్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్. సినిమా కెమెరా లోపాలని సినిమా లుక్ అని పెడతారు. సైబర్‌పంక్‌లో వీటన్నిటికీ విడివిడి స్విచ్‌లు ఉన్నాయి, అన్నీ ఆపేశాం. మోషన్ బ్లర్ మీద నాకు గుడ్డి కోపమేం లేదు. సెకనుకి 24 ఫ్రేముల సినిమా మనకి అతుకుల్లేకుండా కనిపించడానికి కారణం అదే, రేసింగ్ గేమ్‌లో చక్రాలు తిరిగేటప్పుడు బావుంటుంది కూడా. కెమెరా తిప్పితే ప్రపంచమంతా అలికేసే రకంతోనే నా పేచీ.

యాంటీ అలియాసింగ్ దగ్గర తప్పించుకోలేని రాజీ ఉంది. టీఏఏ పాత ఫ్రేముల్ని కొత్తదాంట్లో కలుపుతుంది, నిలబడితే నున్నగా, కదిలితే మసకగా ఉంటుంది. ఆర్‌టీఎక్స్ కార్డు ఉంటే దాని బదులు డీఎల్ఎస్ఎస్ వాడండి. 1080పీ స్క్రీన్ మీద క్వాలిటీ మోడ్ అంటే లోపల 720పీలో గీసి పెంచుతుంది. 2025 జనవరిలో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ పాత ఆర్‌టీఎక్స్ కార్డులకి కూడా ఇచ్చారు, 3050 మీద కొంచెం బరువెక్కువే గానీ కదిలేటప్పుడు తోకలు బాగా తగ్గాయి. పెర్ఫార్మెన్స్ మోడ్‌కి మాత్రం 1080పీలో వెళ్లకండి. 540పీ నుంచి పెంచాలి, పాపం దాని దగ్గర మాత్రం ఏముంది.

ఫ్రేమ్ జనరేషన్ గురించి షాపువాళ్లు చెప్పేది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 30 వచ్చేదాన్ని 60 చేస్తుంది, కాబట్టి 60 ఎఫ్‌పీఎస్ లాప్‌టాప్ అట. మధ్యలో ఊహించి గీసిన ఫ్రేముకి మీరు నొక్కిన బటన్ సంగతి తెలీదు. కంటికి 60, చేతికి 30, ఇంకా చెప్పాలంటే 30 కంటే కొంచెం ఆలస్యమే. ఎఫ్ఎస్ఆర్ 3 తెచ్చిన ఏఎండీయే బేస్ 60 ఉండాలని చెప్పింది. 60 ఉన్నవాడికి అది బోనస్, 30 ఉన్నవాడికి మేకప్. సెకండ్రాబాద్ సీటీసీలో ఎవరైనా మీకు ఎఫ్‌పీఎస్ అంకె చెబితే ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి చూపించమనండి.

చివరికి ఖర్చు పెట్టించింది ఒక్కచోటే. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్ మీద ఉంది, పక్క స్లాట్ ఖాళీ. సింగిల్ చానెల్‌లో ప్రాసెసర్‌కి డేటా ఒంటెద్దు బండి మీద వస్తున్నట్టు. పండగయ్యాక రాజమండ్రి వెళ్లి ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి వేశాం, అడుగు మూత తీసినప్పుడే ఫ్యాన్లలో రెండేళ్ల దుమ్ము కూడా దులిపాం. అప్పుడు 72 లాక్ దాదాపు అన్ని చోట్లా నిలబడింది. ఈ మొత్తం పనికి అయినది ఎనభై వేలలో పదో వంతు కూడా లేదు.

"ఏరా, మార్చాలా?" అని బాబాయ్ మళ్లీ అడిగాడు. ఇంకో రెండేళ్లు అక్కర్లేదన్నాను. తమ్ముడు మాత్రం నేను దాటేసిన ఒక లోపం పట్టుకున్నాడు. రాత్రి సీన్లలో నల్లటి గోడ ముందు నుంచి మనిషి నడిస్తే వెనకాల పొగలా ఒక మరక వస్తోంది. 144 హెర్ట్జ్ అంటే ప్రతి 6.9 మిల్లీసెకన్లకీ పిక్సెల్ రంగు మారిపోవాలి. ఈ చవక ప్యానెల్ పిక్సెళ్లు అంత వేగంగా మారలేవు. దానికి ఏ మెనూలోనూ స్విచ్ లేదు, వెతికాను. వాడు బ్రైట్‌నెస్ పెంచుకుని పగటి మిషన్లు ముందు ఆడుకుంటున్నాడు.